మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు నిజంగా దొరుకుతాయా? మన ఊరి పొలంలో వాడవచ్చా?

మీ ప్రశ్నలో ముఖ్యంగా మూడు ప్రశ్నలున్నాయి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చి రెండేళ్ళయిందన్నారు. ఆదివారాలు పొలాల్లో డిటెక్టర్లు పట్టుకుని తిరిగేవాళ్ళను చూసి మనసు లాగిందన్నారు. పాత నాణేలు నిజంగా దొరుకుతాయా, కొత్తవారు ఏ యంత్రం కొనుక్కోవాలి, సంక్రాంతికి వెళ్ళేటప్పుడు దాన్ని పట్టుకెళ్ళి తాతగారి పొలంలో లంకెబిందెలున్నాయన్న మాట ఎంతవరకు నిజమో చూడవచ్చా అని అడిగారు. నేను లింకన్‌షైర్‌లో పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ఇంగ్లండ్‌లో దొరుకుతాయి. ఓపిక పడితే మొదటి ఏడాదిలోనే రెండు వందల ఏళ్ళ నాటి రాగి నాణెం మీ చేతికి రావచ్చు. మధ్యయుగపు వెండి నాణేనికి ఇంకాస్త కాలం పట్టవచ్చు. యంత్రం మీద మొదట్లోనే ఎక్కువ డబ్బు పెట్టకండి. మంచి యంత్రం కన్నా మంచి పొలం ముఖ్యం, పొలం కన్నా దాని యజమాని అనుమతి ముఖ్యం. మూడో ప్రశ్నకు మాత్రం నా జవాబు ఒక్కటే: వద్దు. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ఇక్కడి పొలాల్లో ఇన్ని నాణేలు ఎందుకున్నాయని మొదట్లో నాకూ ఆశ్చర్యంగా ఉండేది. దాచిపెట్టినవి తక్కువ, జారిపోయినవి ఎక్కువ. మన పల్లెల్లో పొలానికి పెంట తోలినట్టే ఇక్కడా వందల ఏళ్ళు పట్టణాల పెంటకుప్పలను బండ్లకెత్తి పొలాలకు తోలారు. ఇళ్ళ ఊడ్పుల్లో కలిసిపోయిన గుండీలు, ఉంగరాలు, చిల్లర నాణేలు వాటితోపాటే చేలకు చేరాయి. దీనికితోడు సంతలు జరిగిన మైదానాలు, రేవులు, చర్చికి వెళ్ళే కాలిబాటలు ఉన్నాయి. మనుషులు గుమికూడిన చోటల్లా చిల్లర జారింది. 1660ల వరకు ఇక్కడ నాణేలను రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టి తయారుచేసేవారు. అవి ఎంత పలుచగా ఉంటాయంటే, బురదలో పడితే పోగొట్టుకున్నవాడికి కూడా కనిపించవు.

నాకు అలాంటిది మొదటిసారి దొరికింది రెండో శీతాకాలంలో. అంతకుముందు ఏడాదిన్నరలో ఏరినవి విక్టోరియా కాలపు పెన్నీలు, సీసపు ముక్కలు, తుపాకీ తూటాల అడుగులు, లెక్కలేనన్ని గుండీలు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. డిటెక్టర్ కొసనుండే కాయిల్‌ను (తీగచుట్టను) ఎటువైపు నుంచి తిప్పినా ఒకేలా పలికే చిన్న, సన్నని మోత వినిపించింది. జానెడు లోతు కూడా లేదు. పారతో ఎత్తిన మట్టిగడ్డను వేళ్ళతో చిదిపితే, లోపల పెద్ద గోరంత బూడిదరంగు అర్ధచంద్రం కనిపించింది. పూర్తి నాణెం కాదు, సగం. నాణెం మీద సిలువ గుర్తు ఉంది. ఆ సిలువ గీత వెంబడే తిన్నగా కత్తిరించి ఉంది. సిలువ చేతుల మధ్య మూడు చుక్కలు, అంచున కొన్ని అక్షరాలు.

అది ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ కాలపు పెన్నీ. వెండి అంచులు గిల్లుకునే దొంగలను ఆపడానికి 1247లో సిలువను అంచు దాకా పొడిగించిన రకం. అప్పటికి అరపెన్నీ, పావు పెన్నీ నాణేలు చలామణిలో లేవు. చిల్లర కావాలంటే నాణేన్నే సగానికో పావుకో కత్తిరించేవారు. 1279-80లలో మొదటి ఎడ్వర్డ్ గుండ్రటి అరపెన్నీలు, ఫార్తింగులు (పావు పెన్నీలు) తెచ్చాక ఆ అవసరం తగ్గింది. కూలీకి రోజుకు పెన్నీయో రెండు పెన్నీలో వచ్చే కాలంలో ఆ సగం ముక్క పోగొట్టుకున్నవాడు ఆ పొలంలో ఎంతసేపు వెతుక్కున్నాడో అనిపించి, చీకట్లో చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ధర చూస్తే అది ఇప్పటికీ కొద్ది పౌండ్ల వస్తువే. నా దగ్గరున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇక యంత్రం. కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే దానిలో చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రతిస్పందనను రెండో తీగచుట్ట పట్టుకుంటుంది. ఆ స్పందన ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి లోహం విద్యుత్తును బాగా ప్రవహింపజేసేదా కాదా అని అంచనా వేసి, తెరమీద ఒక అంకె చూపిస్తుంది. అది అంచనా మాత్రమే. పెద్ద వెండి, రాగి నాణేలకు అంకె ఎక్కువగా వస్తుంది. సన్నని బంగారు నాణెం, సిగరెట్ పెట్టె రేకు, శీతలపానీయపు డబ్బా చెవి దాదాపు ఒకే అంకెల దగ్గర పలుకుతాయి. రేకుముక్కలకు విసిగి ఆ అంకెలను వినపడకుండా చేసుకుంటే బంగారాన్నీ, సుత్తి నాణేల్లో చిన్నవాటినీ వదిలేసినట్టే. కాబట్టి ఒక్క ఇనుము మోతను తప్ప దేన్నీ తగ్గించకండి. ఇనుము మోతను కూడా పూర్తిగా ఆపేయవద్దు. పాత మేకులు ఎక్కువగా పలికే చోట ఒకప్పుడు ఇల్లో పాకో ఉండి ఉంటుంది. అలాంటి చోట నెమ్మదిగా, అంగుళం అంగుళం వెతకాలి.

కొత్తవారికి రెండు మూడు వందల పౌండ్ల యంత్రం చాలు. మైన్‌ల్యాబ్, గారెట్, నోక్టా సంస్థల ప్రారంభ స్థాయి యంత్రాల్లో ఏదైనా సరే. నేను మూడేళ్ళు వాడేసిన యంత్రంతోనే నెట్టుకొచ్చాను. మిగిలిన డబ్బుతో ముందు ఒక పిన్‌పాయింటర్ కొనండి. మట్టిగడ్డలో నాణెం ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టు చూపిస్తుంది. అది లేకుండా పారతో పొడిచి నాణేన్ని గాయపరచినవాళ్ళు ఎందరో. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతులకు తొడుగులు, దృఢమైన చిన్న పార ఉంటే సరంజామా పూర్తయినట్టే. లోతు గురించి ప్రకటనల్లో చెప్పే మాటలు పట్టించుకోకండి. చిన్న నాణేన్ని ఇలాంటి యంత్రం ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోపల పట్టుకుంటే మంచి పనితనమే.

వెతికే చోటు ఇంట్లో కూర్చునే సగం తేలిపోతుంది. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం పాత సర్వే పటాలను ఉచితంగా చూడనిస్తుంది, వాటిలో ఇంగ్లండ్ పటాలు కూడా ఉన్నాయి. ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కన పెట్టుకుని చూస్తే మాయమైన కాలిబాటలు, చెరిగిపోయిన గట్లు, పాత చెరువులు బయటపడతాయి. నా అరపెన్నీ దొరికింది అలా కనుక్కున్న పాత బాట పక్కనే. రైతును ఒక్కమాట తప్పక అడగండి: ఈ పొలంలో పట్టణ వ్యర్థాల ఎరువు వేశారా? వేసి ఉంటే అల్యూమినియం తునకలతో నేలంతా మోగిపోతుంది. అలాంటి చోట రోజంతా తిరిగినా అలసటే మిగులుతుంది.

అనుమతి విషయంలో మొహమాటం వద్దు, నిర్లక్ష్యం అసలే వద్దు. ఇంగ్లండ్‌లో యజమానికి తెలియకుండా పొలంలోకి వెళ్ళి తవ్వి తీసుకుంటే అది దొంగతనమే. నేను మొదట రాసిన పదిహేను ఉత్తరాలకు రెండే జవాబులు వచ్చాయి. ఒకటి వద్దని, రెండోది వచ్చి మాట్లాడమని. వెళ్ళి, టీ తాగి, అంతకుముందు వేరేచోట దొరికిన గుండీలు చూపించి, దొరికిన ప్రతిదీ మీకు చూపిస్తానని చెప్పాను. ఆ రైతు పొలంలో ఇప్పటికీ వెతుకుతున్నాను. అనుమతి కాగితం మీద ఉండాలి, దొరికినదానిలో ఎవరికెంత అన్నది కూడా అందులోనే రాసుకోవాలి. సగం సగం అన్నది ఇక్కడి వాడుక. రక్షిత చారిత్రక స్థలాల్లో యజమాని ఒప్పుకున్నా సరిపోదు. ప్రభుత్వ అనుమతి లేకుండా అక్కడ డిటెక్టర్ వాడటం 1979 చట్టం ప్రకారం నేరం.

ఇంకో చట్టం 1996 నాటి ట్రెజర్ యాక్ట్. ఒకేచోట రెండు లేదా అంతకన్నా ఎక్కువ నాణేలు దొరికి, అవి 300 ఏళ్ళు దాటినవై, వాటిలో బంగారమో వెండో కనీసం 10 శాతం ఉంటే అది చట్టం దృష్టిలో ట్రెజర్, అంటే నిధి. బంగారం, వెండి అంతకన్నా తక్కువున్న నాణేలైతే కనీసం పది ఉండాలి. 14 రోజుల్లోపు అధికారులకు తెలియజేయాలి. ఒంటరి నాణెం సాధారణంగా ఈ లెక్కలోకి రాదు. అయినా ఒంటరి నాణేన్ని కూడా నమోదు చేయించండి. ప్రతి ప్రాంతానికీ పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పథకం) తరఫున ఒక ఫైండ్స్ లయజన్ ఆఫీసర్ ఉంటారు. వస్తువును చూసి, ఫోటో తీసి, దొరికిన చోటుతో సహా రాసుకుని, తిరిగి మీకే ఇస్తారు. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో చట్టం వేరు, అక్కడ నేలలో దొరికిన పాత వస్తువు క్రౌన్‌కు, అంటే రాచరికానికి చెందుతుంది.

చోటు ఎందుకంత ముఖ్యమని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అర్థం కాలేదు. మొదటి ఏడాది దొరికినవన్నీ ఒకే డబ్బాలో పోసేశాను. వాటిలో నాలుగైదు రోమన్ రాగి నాణేలున్నాయి. ఏ పొలంలో ఏ మూల దొరికాయని అధికారి అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కలం పక్కన పెట్టేశారు. ఆ తర్వాత నేను ఫోనులో స్థానం రాసుకోకుండా ఒక్క గుండీ కూడా సంచిలో వేసుకోలేదు.

సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర 2010 ఏప్రిల్‌లో జరిగింది చూడండి. డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు పొలంలో చిన్న రోమన్ నాణేలు, వాటికింద కుండ మూతి కనిపించాయి. ఆయన తవ్వడం ఆపేసి పురావస్తు శాఖవారికి కబురు పెట్టారు. కుండలో 52,503 నాణేలున్నాయి, బరువు సుమారు 160 కిలోలు. వాళ్ళు పొరలు పొరలుగా తీశారు కాబట్టి ఒక సంగతి తెలిసింది. నాణేల్లో చివరి కాలానికి చెందిన కరౌసియస్ చక్రవర్తి నాణేలు పైన కాదు, ఎక్కువగా లోపలి పొరల్లో ఉన్నాయి. అంటే ఏళ్ళ తరబడి కూడబెట్టి దాచిన డబ్బు కాదది, ఒక్కసారే పోసినది. అంత పలుచని కుండను అంత బరువుతో మోసుకురావడం కూడా కుదిరే పని కాదు. ముందు కుండను పాతి, ఆ తర్వాతే నింపి ఉండాలి. దేవతకు మొక్కుగా సమర్పించి ఉండవచ్చన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. క్రిస్ప్ ఆ కుండను తానే బోర్లించి బస్తాల్లో నింపుకుని ఉంటే నాణేలన్నీ దక్కేవి, ఈ కథ దక్కేది కాదు.

సఫోక్‌లోని హాక్స్న్‌లోనూ అంతే. 1992 నవంబరులో ఎరిక్ లాస్ అనే ఆయన రైతు పారేసుకున్న సుత్తిని వెతకడానికి డిటెక్టర్ పట్టుకెళితే, రోమన్ కాలపు బంగారం, వెండి, సుమారు 15,000 నాణేలు బయటపడ్డాయి. ఆయన కూడా కొంత తీసి ఆగిపోయారు. అందువల్లే వస్తువులను ఏ పెట్టెలో ఎలా సర్దారో, కుళ్ళిపోయిన చెక్కపెట్టె ఆనవాళ్ళతో సహా తెలుసుకోగలిగారు. సుత్తి కూడా దొరికింది. అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

దీనికి విరుద్ధమైనది హెర్ఫర్డ్‌షైర్ ఉదంతం. 2015లో ఇద్దరు మనుషులు లెమ్‌స్టర్ దగ్గర వైకింగ్ కాలపు నిధిని కనుగొని, ఎవరికీ చెప్పకుండా అమ్ముకోవడం మొదలుపెట్టారు. అందులో సుమారు 300 నాణేలు ఉండి ఉంటాయని అంచనా. 2019లో ఒకరికి 10 ఏళ్ళు, మరొకరికి ఎనిమిదిన్నర ఏళ్ళు శిక్ష పడింది, అప్పీలులో అది తగ్గింది. చాలా నాణేలు ఇప్పటికీ జాడలేవు. చేజిక్కిన కొద్దిపాటి నాణేల్లో వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు కెయోల్వుల్ఫ్ పేర్లతో ఉన్నవాటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్న బొమ్మ ఉంది. తర్వాతి కాలపు రాతలు చేతగానివాడిగా తీసిపారేసిన కెయోల్వుల్ఫ్, ఆల్ఫ్రెడ్‌కు సమాన మిత్రుడిగా ఉన్నాడని ఆ నాణేలు సాక్ష్యం చెబుతున్నాయి. కరిగిపోయాయో, ఎవరి బీరువాల్లో ఉన్నాయో తెలియని మిగతా నాణేలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి.

సొంత పొలమే కదా అన్న ధీమా మన చట్టం ముందు నిలవదు. 1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు దొరికినా రాతపూర్వకంగా కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. నిజాయితీగా చెప్పినవారికి చట్టం అన్యాయం చేయలేదు. సొంతదారు తేలని నిధిలో వేరే ఒప్పందం లేకపోతే కనుగొన్నవారికి ముప్పావు, భూయజమానికి పావు అని అందులోనే ఉంది. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. అయితే అది దొరికినదాని గురించి. డిటెక్టర్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళడం వేరు. రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం నేరం, మన పల్లెల్లో ఏ దిబ్బ రక్షిత స్థలమో చాలామందికి తెలియదు. ఇంకో సంగతి, 100 ఏళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. గుర్తుగా ఉంటుందని జేబులో వేసుకుని లెస్టర్ విమానం ఎక్కితే, విమానాశ్రయంలోనే మీ సెలవు ముగుస్తుంది.

చట్టం ఒక్కటే కాదు నేను వద్దనడానికి కారణం. మన దగ్గర, ఇక్కడిలా దొరికిన నాణేన్ని తీసుకెళితే చూసి, రాసుకుని, తిరిగిచ్చే మనిషి ప్రతి జిల్లాలో లేరు. ఆ ఏర్పాటు లేనప్పుడు తవ్వి తీసిన ప్రతి నాణెం నా మొదటి ఏడాది డబ్బాలో నాణెం లాంటిదే. గోదావరి ఒడ్డున కోటిలింగాల సంగతి తీసుకోండి. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు, చిముక సాతవాహనుడి పేరు ఉన్నాయి. ఏ పురాణ పట్టికలోనూ లేని పేర్లు కొన్ని, శాతవాహనుల మొదటి రాజు పేరు మరొకటి, ఒకే ఊళ్ళో! ఫలానా దిబ్బలో దొరికాయని తెలుసు కాబట్టే అవి తెలంగాణ చరిత్రకు ఆధారమయ్యాయి. పెద్దబంకూరు తవ్వకాల్లో వేల సంఖ్యలో శాతవాహన నాణేలు దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల కుప్ప బయటపడింది. రాత్రిపూట డిటెక్టర్ పట్టుకున్న ఎవరో వాటిని ముందే ఏరుకుపోయి ఉంటే మనకు ఏమి మిగిలేది? గుప్తనిధుల పేరుతో పాత గుళ్ళలో నంది కింద, ధ్వజస్తంభం కింద తవ్విపోసిన గుంతలు మీరూ చూసే ఉంటారు.

సాంకేతికంగా కూడా ఆశించినంత ఫలితం ఉండదు. మన ఎర్రనేలల్లో ఇనుము పాలు ఎక్కువ. ఇక్కడి మెత్తటి మట్టికి తయారైన సాధారణ యంత్రం అక్కడ నేలనే లోహం అనుకుని గోల చేస్తుంది.

దొరికిన నాణేన్ని ఎలా శుభ్రం చేయాలని కూడా ఒక వాక్యంలో అడిగారు. తోమకండి. మా అమ్మమ్మవాళ్ళది పెద్దపల్లి వైపు. నాకు పదేళ్ళప్పుడు ఇంటి పునాది తవ్వుతుంటే కూలీలకు నల్లటి బిళ్ళ ఒకటి దొరికింది. అమ్మమ్మ దాన్ని పూజసామాన్లతోపాటు చింతపండు, ముగ్గుపిండి వేసి తళతళలాడేలా తోమింది. ప్రేమతో చేసిన పని, దేవుడి గూట్లో పెట్టాలని. చాలా ఏళ్ళకు నాణేలు చదివే పెద్దాయన ఒకరికి దాన్ని చూపించాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఏటవాలుగా తిప్పి తిప్పి చూశారు. తొండం ఎత్తిన ఏనుగు ఉంది, వెనకవైపు ఉజ్జయిని గుర్తు (సిలువ కొసల్లో నాలుగు వృత్తాలు) ఉంది, శాతవాహనులదే. ఏనుగు పైన అక్షరాలు ఉండాల్సిన చోట మాత్రం నునుపుగా మెరుస్తోంది. ఏ రాజుదో చెప్పలేనని నాణేన్ని నా అరచేతిలో పెట్టారు. వెండి నాణెమైతే మట్టిని మంచినీళ్ళతో వదిలించి ఆరనివ్వండి. రాగి, కంచు నాణెమైతే నీళ్ళు కూడా వద్దు. ఎండిన మట్టిని మెత్తటి కుంచెతో దులిపి వదిలేయండి. పైన పట్టిన పచ్చటి పొరలోనే చాలాసార్లు బొమ్మ నిలిచి ఉంటుంది. అధికారి చూసేదాకా అంతకన్నా ఏమీ చేయవద్దు.

మీ ఊరి పొలంలో నాగలికి ఎప్పుడైనా ఏదైనా తగిలితే, తవ్వకుండా ఆ చోటికి గుర్తు పెట్టి, ఫోటో తీసి, తహసీల్దారు కార్యాలయం ద్వారా కలెక్టరుకు ఉత్తరం రాయమని మీ నాన్నగారికి చెప్పండి. ఉత్తరం నకలు ఒకటి దాచుకోమనండి.

ఇక్కడ మొదలుపెట్టడానికి ఆగస్టు చివర మంచి సమయం. గోధుమ కోతలు అయ్యాక, మళ్ళీ విత్తే లోపు పొలాలు కొన్ని వారాలు ఖాళీగా ఉంటాయి. రైతులకు ఉత్తరాలు జూన్‌లోనే రాయండి, కోతల హడావుడిలో ఎవరూ చదవరు. లెస్టర్ పరిసరాల్లో డిటెక్టర్ సంఘాలున్నాయి. ముందు ఒకటి రెండు ఆదివారాలు వాళ్ళతో వెళ్ళి, ఇతరుల యంత్రాలు చేతిలో పట్టుకుని చూశాకే కొనండి. బాధ్యత బీమా కూడా సంఘం ద్వారా తీసుకోవచ్చు. పొలం గేటు తెరిచింది మీరే అయితే మూసేదీ మీరే, తవ్విన ప్రతి గుంత పూడ్చేదీ మీరే. గొర్రె కాలు గుంతలో పడిన రోజున మీ అనుమతి పోతుంది, మీ తర్వాత వచ్చేవాడికీ ఆ రైతు తలుపు తెరవడు.